తీగ మీద దుప్పటి

"తీగ మీద మళ్ళీ తడి దుప్పటి వేశావా, రిగోబెర్తా?" నడిరోడ్డు మీద నిలబడి పైకి అరిచాడు ఎవెలియో. "అది బట్టలారేసుకునే తాడు కాదమ్మా తల్లీ, నెట్‌వర్క్ తీగ!"

హవానాలో మా వీధివాళ్ళం ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో మా కంప్యూటర్లను కలపడానికి డాబా నుంచి డాబాకు తీగలు లాగి సొంతంగా కట్టుకున్న నెట్‌వర్క్ అది. దాని పెత్తనమంతా ఎవెలియోదే. రాజకీయాలు మాట్లాడినా, బూతులు రాసినా అందులోంచి వెళ్ళగొట్టేది ఆయనే.

"నా బాల్కనీ మీంచి పోయే తీగ నాదే," అంది రిగోబెర్తా.

"కుర్రాళ్ళ ఆటలు మధ్యలో ఆగిపోతాయి!"

"ఆగితే వీధిలోకొచ్చి ఆడుకోమను."

"నిన్ను నెట్‌వర్క్‌లోంచి వెలేస్తా!"

"నాకసలు కంప్యూటరే లేదు కదయ్యా. దేన్లోంచి వెలేస్తావు?"

"ముందు చేరుస్తా. తర్వాత వెలేస్తా."

"అయితే పైకొచ్చి చేర్చు. బఠానీల పొడి కలిపిన రేషన్ కాఫీయే ఉంది, మళ్ళీ మొహం చిట్లించకు."

ఆయన గొణుక్కుంటూ మెట్లెక్కాడు. చక్కెర దండిగా వేసిన కాఫీ తాగాడు. దుప్పటి తనే తీసి మడతపెట్టి, వచ్చే వారం కూడా ఇలాగే చేస్తే ఊరుకునేది లేదని గట్టిగా చెప్పి దిగాడు.

మా అందరి ఫోన్లలోకీ ఇంటర్నెట్ వచ్చి చాలా కాలమైంది. అప్పుడే నెట్‌వర్క్ ఎత్తేసి, తీగలన్నీ చుట్టి పట్టుకుపోయాడు ఎవెలియో. రిగోబెర్తా బాల్కనీ దగ్గరి ముక్కను మాత్రం, తడి దుప్పటి బరువుకు జారకుండా, రెండు కొసలూ బిగించి కట్టి వదిలేశాడు.