అమోస్ గౌలాండ్ మార్రా

“దాన్నలా లాగకు మార్రా, వేరు తెగుతుంది,” అన్నాడు అమోస్ గౌలాండ్.

“కళ్ళు కనపడవుగా, ఎలా తెలిసింది నీకు?”

“చప్పుడును బట్టి. నలభై ఏళ్ళు గనిలో చీకట్లో పనిచేసినవాడికి చెవులే కళ్ళు. నా చెవిని ఎవడూ మోసం చెయ్యలేడు.”

అమోస్‌కి చూపు పోయి రెండేళ్ళయింది. ఇంటి వెనక తలుపు నుంచి ఊరి చివర కూరమళ్ళ దాకా కూతురు తాడు కట్టి వెళ్ళింది. ఆమెది పక్క ఊరు, ఆదివారాలే వస్తుంది. అమోస్ ఆ తాడు పట్టుకుని రోజూ వచ్చి, తన లీక్ ఉల్లి మడి పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుంటాడు. గనిలో ఒకే చోట, ఒకే కప్పు కింద బొగ్గు తవ్వే జతగాణ్ణి ఇంగ్లండులో డరమ్ వైపు మార్రా అంటారు. ఆ ఊరి మగవాళ్ళు పెళ్ళాం మీదైనా అలుగుతారేమోగానీ మార్రా మీద అలగరు. అమోస్ మార్రా జార్జి మొన్న చలికాలంలో పోయాడు. ఆ తర్వాత ఇంట్లో గోడలతో మాట్లాడుకోవడమే మిగిలింది.

ఏప్రిల్‌లో ఒకరోజు కంచె అవతలి నుంచి ఓ బొంగురు గొంతు, “నీళ్ళు పోసిపెట్టనా?” అంది. ఎక్కణ్ణుంచి అంటే రైలుకట్ట అవతలి నుంచి అన్నాడు. అటువైపు ఇంకో గని ఉంది కాబట్టి ఆ గనివాడే అనుకున్నాడు అమోస్. పేరడిగితే, “ఇద్దరం బొగ్గు తవ్వినవాళ్ళమే. మార్రా అను, చాలదూ?” అన్నాడు. చాలింది. ఆ మాట మళ్ళీ నోటికి వచ్చినందుకే అమోస్‌కి గుండె నిండిపోయింది.

“శనివారం గని యూనియన్ హాల్లో మీటింగు. నువ్వూ రావాలి,” అన్నాడు అమోస్.

“పదిమందిలో కూర్చోవడం నాకలవాటు లేదు. ఏమిటంట విశేషం?”

“నేథన్ హెపుల్ గాడి సంగతి.”

పార కాసేపు మట్టిలో ఆడింది.

“ఎవడు వాడు?”

“ద్రోహి. పాతికేళ్ళ కిందటి సమ్మెలో ఊరు ఊరంతా ఏడు నెలలు పస్తులుంది. వాడు ఆరో నెలలోనే పోలీసుల్ని అటూ ఇటూ పెట్టుకుని గనిలోకి దిగాడు. పెళ్ళానికి జబ్బట. ఎవరింట్లో లేదు జబ్బు? ఆ ఏడాదే నా చిన్నాడు పోయాడు. మూడేళ్ళవాడు, పాలు లేక పోయాడు. నేను దిగానా?”

అమోస్ బకెట్ మీద ముందుకి జరిగాడు.

“అప్పుడు రూలు రాసింది నేనే. వాడితో ఎవరూ మాట్లాడకూడదు, వాడి మాట వినకూడదు. వాణ్ణి మార్రా అన్నవాడికీ అదే శిక్ష. చచ్చేదాకా.”

“మరి పెళ్ళాం బతికిందా?”

“ఎక్కడ. శవపెట్టె మొయ్యడానికి మార్రాలు రావాలి కదా, ఒక్కడూ రాలేదు. తోపుడుబండిలో పెట్టుకుని ఒక్కడే తోసుకెళ్ళాడు. రాళ్ళదారి, బండి ఒరిగిపోతూ ఉంది. నేను గుమ్మంలో నిలబడి పైపు తాగుతూ చూశాను.”

పార చప్పుడు ఆగింది.

“కడుపు చల్లబడిందా?” అన్నాడతను.

“లేదు. వాడు చచ్చినా చల్లబడదు. ఇప్పుడేమో కుర్రకారు రూలు తీసేద్దామంటున్నారు. ముసలాడైపోయాడు, హాల్లో ఓ మూల కూర్చుని టీ తాగిపోతాడులే అంటున్నారు.”

“తాగనిస్తే ఏం పోయింది మార్రా? నువ్వు ఊఁ అంటే అయిపోతుందిగా.”

“నువ్వు మంచివాడివి కాబట్టి అలా అంటున్నావు. వాడు నీకు తెలియదు.”

“ఇంకోసారి ఆలోచించు.”

“ఆలోచించేదేం లేదు.”

“సరే,” అన్నాడతను పార దులుపుతూ. “వస్తాను శనివారం.”

శనివారం మధ్యాహ్నం అతని చెయ్యి పట్టుకుని అమోస్ హాల్లోకి అడుగుపెట్టాడు. అప్పటిదాకా హోరుమంటున్న హాలు ఒక్కసారిగా మూగబోయింది. ఊళ్ళో తన మాటకి ఇంకా విలువుందన్న సంతోషంతో అమోస్ ఛాతీ విరుచుకున్నాడు.

“ఇదిగో, ఇతను నా మార్రా. కుర్చీ వెయ్యండి,” అన్నాడు.

కుర్చీ చప్పుడు కాలేదు. అధ్యక్షుడు విల్ఫ్ స్టాబ్స్ గొంతు సవరించుకున్నాడు.

“అమోస్, తెలిసే అంటున్నావా ఆ మాట?”

“నాకు తెలియని మనిషిని మార్రా అంటానా? నా చెవులింకా బాగానే పనిచేస్తున్నాయి. ముందు ఓటు సంగతి చూడు. రూలు రాసినవాడిగా చెబుతున్నాను, అందులో ఒక్క అక్షరం కూడా మారకూడదు.”

“తీసెయ్యాలన్న వాళ్ళం కూడా ఉన్నాం ఇక్కడ. నువ్వే తీసెయ్యమంటావనుకున్నాం, ఇప్పుడు నిన్ను చూసి.”

“ఎవడి మీదా జాలి వద్దు. వాణ్ణి మార్రా అన్నవాడు నా కడుపున పుట్టినవాడైనా సరే వదలొద్దు.”

విల్ఫ్ కుర్చీలోంచి లేచాడు.

“నీ ఇష్టం,” అన్నాడు చివరికి. “రూలు ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి.”

హాలంతా బట్టల రెపరెప వినిపించింది. అమోస్ తనూ చెయ్యెత్తాడు. తర్వాత కుర్చీలు వెనక్కి జరిగాయి. బూట్ల చప్పుళ్ళు అతని పక్కనుంచే, అతన్ని తగలకుండా తలుపు వైపు వెళ్ళిపోయాయి.

“విల్ఫ్, టీ ఏదిరా?” అన్నాడు అమోస్.

మిగతావాళ్ళని పేరుపేరునా పిలిచాడు. ఎవరూ పలకలేదు. చివరి జత బూట్లు మెట్లు దిగి వెళ్ళాక హాల్లో గడియారం చప్పుడొక్కటే మిగిలింది.

“ఏరి మార్రా అందరూ?”

“ఇళ్ళకి పోయారు.”

“నాతో ఒక్క మాటైనా అనకుండానా?” అమోస్ అటు తిరిగాడు. పక్కనున్న మనిషి మొహం వెతుక్కుంటూ చెయ్యి చాచాడు. “ఎవరివి నువ్వు? నీ పేరేమిటి?”

“నేథన్ హెపుల్, మార్రా.”