చుట్టుకో సీసా

వంశీకృష్ణ చేతివేళ్ళు వాచాయి. ఆ సంగతి ముందుగా గమనించినవాడు మహిపాల్.

నాదర్‌గుల్ అవతల గుట్టల్లో మౌంటెన్ బైక్ పోటీ. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా రాళ్ళదారిలో చుట్లు కొడుతూనే ఉండాలి. చుట్టు పూర్తయ్యే చోట ఒక టెంటు. అందులో మహిపాల్, వంశీ తల్లి లలితకుమారి, ఇద్దరి మధ్యా ఐసుపెట్టెలో నీళ్ళ సీసాలు.

"గ్లౌజులు ఎందుకు తీసేసినవ్‌రా?"

"బిగుసుకుపోతున్నాయి. తల కూడా పగిలిపోతోందిరా," అన్నాడు వంశీ.

"నీళ్ళు తక్కువైనయ్. తాగు."

పోయిన ఏడాది ఇదే పోటీలో వంశీ నీళ్ళు సరిగ్గా తాగక సగంలో కూలబడ్డాడు. కాళ్ళు కొయ్యబారి, పెదాలు ఎండిపోయి, నలుగురు మోసుకొస్తే గానీ టెంటు చేరలేదు. కళ్ళారా చూసిన లలితకుమారి, ఈసారి పంపేది లేదని తెగేసి చెప్పింది. వనస్థలిపురంలో వాళ్ళింటి చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఆవిడను ఒప్పించింది మహిపాలే. కాలేజీ నాటి స్నేహం మరి. వంశీ చేత సాధన చేయించేది కూడా తనే.

"వాడికేమన్నా అయితే నిన్నే అడుగుతాను మహిపాల్," అందావిడ.

"అడుగుండ్రి ఆంటీ. పూచీ నాది."

మాట ఇచ్చాక ఊరుకునే రకం కాదు మహిపాల్. చెమటతో పోయేది నీళ్ళొక్కటే కాదు, ఉప్పు కూడా అని చదివి తెలుసుకున్నాడు. నిన్న సాయంత్రం సీసా సీసాకీ తన చేత్తోనే ఉప్పూ ఓఆర్ఎస్ పొడీ కొలిచి కలిపాడు. అన్నీ వంశీ వాళ్ళ ఫ్రిజ్‌లోనే సర్ది మరీ ఇంటికెళ్ళాడు. వంశీకి చెప్పింది ఒక్కటే. చుట్టుకో సీసా ఖాళీ కావాలి, దాహం ఉన్నా లేకపోయినా.

ఇంకెవరి మాటా వినని వంశీ మహిపాల్ మాట మాత్రం జవదాటడు. అదే వచ్చిన చిక్కు.

ఎండ ముదిరింది. పైన శిక్షణ విమానం ఒకటి వదలకుండా చక్కర్లు కొడుతోంది. తర్వాతి చుట్టు ముగించి వచ్చేసరికి వంశీ మొహం ఉబ్బిపోయి ఉంది. సైకిల్ దిగబోయి తూలాడు. ఉప్పు చల్లిన ఆలుగడ్డ ముక్కలు పెడితే వాసనకే మొహం తిప్పుకున్నాడు.

"కడుపంతా నీళ్ళే. ఇంక నా వల్ల కాదురా."

"పోయినేడు గిట్లనే అన్నవ్. ఏమైందో యాదికి లేదా? జర తాగు."

లలితకుమారి మూత తీసి సీసా నోటికందించింది. "తాగు నాన్నా. మహిపాల్ నీ మంచికేగా చెప్తున్నాడు."

రెండు గుక్కలు మింగి వంశీ ఆగాడు. "చప్పగా ఉందేంట్రా?"

మహిపాల్ నవ్వేశాడు. "ఎండకు నీ నాలుక సచ్చింది. ఒంట్లె ఉప్పు అయిపోయినోనికి గట్లనే ఉంటది. మొత్తం తాగు."

తాగాడు. పాపం, సీసా ఖాళీ చేసి, తలకిందులు చేసి చూపించి మరీ వెళ్ళాడు.

ఆ తర్వాత చాలాసేపు రాలేదు. వెనకున్నవాళ్ళందరూ దాటిపోయారు. చివరికి సైకిల్ నడిపించుకుంటూ వచ్చి, టెంటు పక్కనుంచే ఎటో పోబోయాడు. లలితకుమారి పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

వంశీ ఆవిడ మొహంలోకి చూశాడు. "ఎవరండీ మీరు?"

ఇంతలోనే భళ్ళున వాంతి. బయటికొచ్చిందంతా నీళ్ళే.

"పోయినంత మళ్ళ పట్టాలె," అంటూ కంగారుగా ఇంకో సీసా అందుకున్నది కూడా మహిపాలే. అది సగం పట్టించాడో లేదో, వంశీ కళ్ళు తేలేశాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

అంబులెన్స్ ఎల్బీనగర్ చౌరస్తాలో ఇరుక్కుంది. సైరన్ మోగుతున్నా ముందు బస్సు కదలదు. లలితకుమారి కొడుకు పాదాలు రుద్దుతూ దేవుళ్ళందరినీ పిలుస్తోంది. మహిపాల్‌కి మాత్రం ఒకటే భయం పట్టుకుంది. నిన్న చెయ్యి జారి ఉప్పు ఎక్కువ పడిందా? చేజేతులా వీణ్ణి నేనే చంపుకుంటున్నానా?

దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో వంశీని లోపలికి తీసుకెళ్ళారు. రక్తపరీక్ష అయ్యాక డాక్టరు బయటికొచ్చాడు.

"పోటీలో ఏం తాగాడు?"

మహిపాల్ చేతులు జోడించాడు. "ఉప్పు కలిపిన నీళ్ళు సార్. నేనే కలిపిన. ఎక్కువైందా సార్?"

"ఎక్కువేంటి? రక్తంలో ఉప్పు దారుణంగా పడిపోయింది. ఒట్టి నీళ్ళు కడవలకొద్దీ తాగితే వచ్చే స్థితి ఇది. మెదడు వాచింది. ఇప్పుడు నేనేం చెప్పలేను."

"ఒట్టి నీళ్ళా? కానే కాదు సార్! ప్రతి సీసాల ఉప్పు ఉన్నది. మా అమ్మ మీద ఒట్టు!"

డాక్టరు అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తననే చూస్తున్నారు. మహిపాల్‌కి ఏడుపొచ్చేసింది. సాక్ష్యం కోసం లలితకుమారి వైపు తిరిగాడు.

"మీరన్న చెప్పుండ్రి ఆంటీ. నేను ఫ్రిజ్‌ల పెట్టిన సీసాలే గదా తెచ్చిండ్రు?"

"సీసాలు అవే నాయనా," అంది లలితకుమారి కళ్ళు తుడుచుకుంటూ, "పొద్దున ఒకటి నోట్లో పోసుకుంటే ఉప్పుకషాయంలా ఉంది, తెలియక మా బోరు నీళ్ళు పట్టేశావనుకుని, అన్నీ పారబోసి మంచినీళ్ళు నింపి తెచ్చాను."