చెయ్యి పెట్టలే, మాటే అన్న

హలో, హలో... అందరికీ వినబడుతుందా? అందరూ బాగున్నారా? ఊళ్లో ఉన్నవాళ్లు, పట్నంలో ఉన్నవాళ్లు, ఒక్క రెండు నిమిషాలు లైన్‌లో ఉండండి. ఒక ముచ్చట చెబుతాను.

చిట్యాల దాటి హైవే ఎక్కారో లేదో, వీరేశం తన బండిని బామ్మర్ది కమలాకర్ బండి పక్కకు తెచ్చాడు. చెయ్యి చాపి, నడుస్తున్న బండి తాళంచెవి టక్కున తిప్పేశాడు.

ఇంజను ఆగిపోయింది. కమలాకర్ బండి రెండు కుదుపులు కుదిపి మెల్లబడింది. వెనక లారీ హారను మీద హారను. ఎలాగో బండిని రోడ్డు అంచుకు దింపుకున్నాడు. అతని భార్య నిరోష, వీరేశానికి చెల్లె వరస, కళ్లు గట్టిగా మూసుకుని, సీటు వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. అప్పటికే వీరేశం ముందుకు పోయి, బండి ఆపి, పగలబడి నవ్వుతున్నాడు.

వీరేశం భార్య నాగరాణి కమలాకర్‌కు సొంత అక్క. వెనక నుంచే మొగుడి భుజం మీద ఒక్కటి చరిచింది.

“ఆ పిల్ల వట్టి మనిషి కాదు. ఆరో నెల. నీకు యాదికున్నదా?”

“బావ బామ్మర్దుల తమాష. నడుమ నీకేంది?”

అదీ నిజమే. మా దిక్కు బావ ఏం చేసినా బామ్మర్ది నవ్వాలి. కిళ్లీలో కారం పెట్టి ఇచ్చినా, పడుకున్నప్పుడు మూతికి మసి పూసినా నవ్వాలి. కోపం తెచ్చుకుంటే వాడికే చిన్నతనం. కమలాకర్ కూడా నవ్వాడు. నవ్వాడు గాని, మళ్లీ తాళం తిప్పే ముందు ఒకసారి వెనక్కి తిరిగి నిరోషను చూసుకున్నాడు.

నాగరాణి వదల్లేదు. ఇంకొక్కసారి ఇలా చేస్తే రేపటి నుంచి ఎవరన్నం వాళ్లే వండుకుందామంది. వీరేశం దిగొచ్చాడు. బామ్మర్ది బండి మీద ఇక చెయ్యి వెయ్యనని ఒట్టు పెట్టాడు. పెట్టి ఊరుకుంటే అతను వీరేశం ఎందుకవుతాడు?

“చెయ్యి ఇగ పెట్ట. ఉత్త మాటైతే అనొచ్చు గద? మాటకు ఎవలన్న పడి సస్తరా?”

నాగరాణి మూతి ముడుచుకుని అటు తిరిగింది.

వాళ్లు పోయేది నల్గొండకు. నాగరాణి, కమలాకర్‌ల పెద్దక్క అక్కడ కొత్త ఇల్లు కట్టుకుంది. పుట్టింటివాళ్లు పోయి ఆమె కొంగులో ఒడిబియ్యం పోయాలి. ఆ బియ్యం మూట వీరేశం బండి మీద, మొగుడికీ పెళ్లానికీ నడుమ, తాడుతో బిగించి కట్టి ఉంది. పూజ వేళకు చేరాలని అందరికీ తొందర.

నార్కట్‌పల్లి దగ్గర బంకులో ఆగారు. కమలాకర్ బండిలో పెట్రోలు నిండా ఉంది. మెల్లగా పోతుంటానని చెప్పి కదిలాడు. బంకులో జనం. వీరేశం వంతు వచ్చి, పెట్రోలు పడేసరికి కమలాకర్ నల్గొండ రోడ్డు తిరిగి కనబడకుండా పోయాడు. బామ్మర్ది తనకంటే ముందు పోవడమా? పోదాం పా అంటూనే గేరు వేసి బండి ఎత్తాడు.

గాలి చెవుల్లో హోరుమంది. ట్రాక్టరును దాటాడు, ఆటోను దాటాడు, రోడ్డు దాటుతున్న గొర్రెల మంద పక్క నుంచి దూసుకుపోయాడు. ఈసారి బామ్మర్దిని ఎట్లా ఆడించాలో తట్టింది. ఆ ఉషారులో మెడ కూడా తిప్పకుండా, అంతా పెళ్లానికి అరిచి చెప్పాడు. ఒట్టు తప్పేది లేదని, చెయ్యి పెట్టనని, నోటి మాటేనని. నాగరాణి పలకలేదు. అలిగితే ఆమె అంతే. పలకదు.

అదిగో కమలాకర్ బండి. అప్పుడే ఒక గుంతలో పడి లేచింది. ఇంతకంటే మంచి అదను దొరకదు. వీరేశం వెనక నుంచి గొంతు చించుకుని అరిచాడు.

“బామ్మర్దీ, చెల్లె పడ్డదిరో! ఆపు, ఆపు!”

కమలాకర్ రెండు బ్రేకులూ ఒక్కసారే పట్టాడు. మెడ వెనక్కి తిప్పాడు. టైరు కింద ఇసుక. బండి అడ్డం తిరిగి జారింది. ఎదురుగా బస్సు. డ్రైవరు ఆఖరి క్షణంలో పక్కకు తిప్పాడు కాబట్టి సరిపోయింది. బస్సు గాలి ముఖానికి కొట్టింది. బండి పోయి తుమ్మచెట్ల పక్కన మట్టిలో పడింది.

నిరోష గడ్డిలో కూర్చుని ఉంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, కదలకుండా. కమలాకర్ పాక్కుంటూ పోయి ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నొప్పి ఉందా అని అడిగాడు, మళ్లీ అడిగాడు. ఆమె లోపలి సంగతేదో వింటున్నట్టు తల వంచుకుంది. ఎంతసేపటికో ముఖం వికసించింది.

“తంతాంది. బానే తంతాంది.”

కమలాకర్ ఏడ్చేశాడు. ఆమె కొంగుతోనే ఆమె మోచేతి నెత్తురు తుడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

“బావా, ఇయ్యాల నాకు నవ్వు రాలె.”

తప్పు తనదేనని వీరేశానికి తెలుసు. బండి ఆపాడు గాని దిగలేదు. అయినా బామ్మర్ది ముందు తగ్గితే బావ ఎట్లా అవుతాడు? ఎక్కడి నవ్వునో తెచ్చి ముఖానికి పెట్టుకున్నాడు.

“నేనేమన్న చెయ్యి పెట్టిన్నా? మాటే అన్న. అయినా ఎనక పెండ్లాం ఉన్నదో లేదో తెల్వకుంట ఎవడన్న బండి నడుపుతడార?”

కమలాకర్ జేబులో ఫోను మోగింది. చేతులకు నెత్తురూ మట్టీ ఉంటే, తీసి స్పీకరులో పెట్టాడు.

“తమ్మీ, మీ బావ ఫోను ఎత్తుతలేడు. నీళ్లు తాగొస్తనని దిగితే, సూడకుంటనే ఉరికిండు. నేనింక బంకు కాడనే ఉన్న.”

సరే మరి, ఉంటాను. మీ ఫోనులో ఎంతమంది బావలు, బామ్మర్దులు ఉన్నారో అందరికీ దీన్ని పంపండి. ముందు బావలకు.