ప్రాథర్ వద్దు

“బ్యాలెట్‌లో ప్రాథర్ పేరు పక్కన ‘వద్దు’ అని ఉంటుంది. అక్కడే గుర్తు పెట్టండి. మర్చిపోకండి!”

ధాన్యం గిడ్డంగి ముందు ఆ పెద్దావిడ ప్రతి ట్రక్కునూ ఆపి చెబుతోంది.

పడమటి కాన్సస్ రైతులకు ఆ పేరు వింటేనే ఒళ్ళు మంట. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి ఎల్డన్ ప్రాథర్ రాసిన ఒక్క తీర్పుతో వాళ్ళ బోర్లు సగం మూతబడ్డాయి. ఆయన్ని పదవిలో ఉంచాలా, వద్దా అని నవంబరులో జనం ఓటెయ్యాలి.

ప్రచారం నడుపుతున్న రైతు డ్వేన్‌కి ఒకటే ఆశ్చర్యం. ఆ పెద్దావిడ పేరు వర్నా అట. ఎక్కడో తూర్పు నుంచి సొంత కారేసుకుని వచ్చి, తమకన్నా ఎక్కువ తిరుగుతోంది.

“నీ బోరూ పోయిందా పెద్దమ్మా?”

“నాకు పొలమే లేదు నాయనా.”

“మరి ఆ తీర్పు మీద నీకెందుకంత కోపం?”

“తీర్పు నూటికి నూరుపాళ్ళూ సరైందే. నేల కింది నీళ్ళు మీ తాత పోసి దాచినవా?”

డ్వేన్‌కి కాఫీ పొలమారింది.

“అయితే లంచాలు తిన్నాడా వాడు?”

“ఛ! మంగలిషాపు మీద గదిలో లాయరుగా మొదలుపెట్టారు. ఫీజు ఇవ్వలేనివాళ్ళు కోళ్ళిస్తే పుచ్చుకున్నారు. జడ్జి అయ్యాక ఒకరింట కప్పు కాఫీ తాగి ఎరగరు. కూతురి పెళ్ళికి కూడా ఫైలు చంకన పెట్టుకునే వెళ్ళారు.”

“వాడికి మళ్ళీ మర్యాదొకటా! అంత మంచోణ్ణి దించడం దేనికి మరి?”

“నీకు దించాలనుందా, లేదా?”

డ్వేన్ ఇంకో కట్ట కరపత్రాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ ఆగలేదు. చర్చిల్లో, పశువుల వేలంలో, వంటిళ్ళలో ఆమె మాటే. ఆవిడ మనిషినెవర్నో ప్రాథర్ జైల్లో వేసుంటాడని ఊరంతా అనుకుంది.

ప్రాథర్ ఓడిపోయాడు. అదీ వెంట్రుకవాసిలో.

మర్నాడు పొద్దున గిడ్డంగి దగ్గర పండగే. పొయ్యి మీద మాంసం కాలుతోంది. డ్వేన్ ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

“గెలిపించింది నువ్వే పెద్దమ్మా! కూర్చో, తిని వెళ్దువుగాని.”

ఆవిడ కోటు గుండీలు పెట్టుకుంటోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. నవ్వు మాత్రం ఆగడం లేదు.

“వద్దు నాయనా, సాయంత్రానికల్లా టొపీకాలో ఇల్లు చేరాలి. పాపం, ఓడిపోయిన జడ్జిని ఓదార్చడానికి ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు?”