చుక్కల మందు

"మాస్టారూ, ఆ కుర్చీ కాస్త పక్కకి జరుపుతారా?"

ఏదో కంపెనీ తరఫున కొత్తగా వచ్చిన ఆవిడ మర్యాదగానే అడిగింది. అయినా కెమెరా మాస్టారికి ఒళ్ళు మండింది.

ఆ కంటి ఆసుపత్రిలో పందొమ్మిదేళ్ళుగా రెటీనా ఫొటోలు తీసేది ఆయనే. సగం గదిని ఆక్రమించిన కెమెరా, దాని వెనక ఆయన. ఇంతవరకూ ఆయన్ని జరగమన్నవాళ్ళు లేరు.

ఆవిడ సంచీలోంచి ఒక మొబైల్ ఫోను, దానికి తగిలించే చిన్న లెన్సు తీసింది.

"అంతేనా మీ సరంజామా?"

"అంతేనండి. షుగరు వల్ల రెటీనా దెబ్బతింటే ఇదే కనిపెట్టి చెబుతుంది. లోపల కృత్రిమ మేధ ఉంది."

"ఎంతసేపట్లో?"

"అరనిమిషం."

మాస్టారు తన కెమెరా వైపు చూసుకున్నారు.

పెద్ద డాక్టరుగారు మురిసిపోయారు. "వారం రోజులు ప్రతి రోగినీ ముందు ఫోనుతో, తర్వాత కెమెరాతో చూద్దాం. ఫోను బాగుంటే ఆ పాత సామాను తీసేయొచ్చు."

పాత సామానట! మరి దాని వెనక కూర్చున్న మనిషినేం చేస్తారో చెప్పలేదు.

మొదటిరోజు రోగులు ఫోను చుట్టూ మూగితే మాస్టారు కళ్ళలో నిప్పులు పోసుకున్నారు.

ఇంటికెళ్ళాక భార్య అడిగింది. "ఏంటండీ, మొహం అలా మాడ్చుకున్నారు?"

"ఎవత్తో ఫోను పట్టుకొచ్చింది. అందరూ దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు."

"మంచిదైతే పెట్టుకోరా మరి?"

మాస్టారు భోజనం సగంలో వదిలేసి లేచారు.

తెల్లారేసరికి ఉపాయం తట్టింది.

రోగి కంట్లో చుక్కల మందు వేసి, అరగంట కళ్ళు మూయించాలి. అప్పుడే కంటిపాప విచ్చుకుని లోపలి రెటీనా బాగా కనిపిస్తుంది. ఆ చుక్కలు వేసే పని మాస్టారిదే.

ఆయన చుక్కలు వేసిన ఐదు నిమిషాలకే రోగుల్ని ఫోను దగ్గరికి పంపడం మొదలుపెట్టారు.

"అరగంట అయిందాండీ?" ఆవిడ అడిగింది.

"గడియారం చూడ్డం నాకు తెలుసమ్మా!"

ఫోను చీకటి ఫొటో తీసి, 'స్పష్టంగా లేదు' అనేది. అదే రోగి వరసలో కూర్చుని కూర్చుని కెమెరా దగ్గరికి వచ్చేసరికి మందు చక్కగా పనిచేసేది. మాస్టారి ఫొటో అద్దంలా వచ్చేది.

నాలుగోరోజు ఆవిడ ఒక రోగి కంట్లోకి టార్చి వేసింది. కంటిపాప చటుక్కున ముడుచుకుంది. మందు పనిచేసిన కన్ను అలా ముడుచుకోదు.

ఆవిడ తలెత్తి మాస్టారి వైపు చూసింది.

దొరికిపోయాననుకున్నారాయన.

ఆవిడ టార్చి ఆర్పేసింది. "తర్వాతివాళ్ళని పంపండి."

అంతే. ఆ మర్నాడూ ఏమీ అనలేదు.

వారం ముగిసింది. డాక్టరుగారు పెదవి విరిచారు. "మా మాస్టారికి మీ ఫోను సాటి రాదమ్మా."

"అవునండీ, ఆయన ఫొటోలు నేనూ చూశాను. చాలా బాగున్నాయి" అంటూ ఆవిడ సంచీ సర్దుకుంది.

పీడ విరగడైందనుకున్నారు మాస్టారు. పొగిడింది కూడా ఎత్తిపొడుపులాగే తోచిందాయనకి.

రెండు నెలల తర్వాత అదే కంపెనీ మేనేజరు అదే ఫోనుతో దిగాడు.

"మిగతా ఆసుపత్రులన్నిట్లో బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ. ఇక్కడ ఇంకోసారి చూపిద్దామని నేనే వచ్చాను."

"ఆవిడ రాలేదే?" మాస్టారు నవ్వు దాచుకుంటూ అడిగారు.

"ఉద్యోగంలోంచి తీసేశారండి. ఫోనులో లోపం లేదు, ఫొటో తీయడం తనకే చేతకాలేదని ఆవిడే రాసిచ్చింది."

మాస్టారి మొహంలో నవ్వు పోయింది.

"చుక్కల మందు గురించి... ఏమీ రాయలేదా?"

"లేదండీ. ఏం, ఏమైంది?"

మాస్టారు చేతిలోని చుక్కల సీసా బల్లమీద పెట్టేశారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయారు.

"చేతకాకపోవడమేంటో మాకూ అర్థం కాలేదు" అన్నాడు మేనేజరు లెన్సు తుడుచుకుంటూ. "మా దగ్గర చేరకముందు ఆవిడ వేరే ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు మీలాగే రెటీనా ఫొటోలు తీసింది. మేము ఈ ఫోను తీసుకెళ్ళాకే అక్కడ ఆవిడ ఉద్యోగం పోయింది."