మోకాలి చప్పుడు

ముప్పై ఏళ్లు మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరిచిన మేస్త్రీకి ఇప్పుడు అడుగు వేస్తే చాలు, కుడి మోకాలు టక్కుమంటుంది. నొప్పికి రాత్రుళ్లు కంటి మీద కునుకు ఉండదు. లేచి హాల్లో తిరుగుతుంటాడు. "మనింటికి దొంగలు రారులెండి, ఆ చప్పుడుకే పారిపోతారు," అని నవ్వేది భార్య.

ఆ రోజు డాక్టరు చెప్పినట్టే వేడి కాపడం పెట్టుకుని, మోకాళ్ల కింద దిండు వేసుకుని, పదింటికల్లా పడుకున్నాడు. ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

ఏ వేళప్పుడో మెలకువ వచ్చింది. నొప్పి లేదు. హాల్లో ఎవరో నడుస్తున్నారు. అడుగు అడుగుకీ టక్కుమని చప్పుడు.

మేస్త్రీ తన మోకాలు తడిమి చూసుకున్నాడు. అది దిండు మీదే కదలకుండా ఉంది.

గోడవైపు తిరిగి పడుకున్న భార్య కళ్లు తెరవకుండానే, "మళ్లీ లేచారా? వచ్చి పడుకోండి, కాళ్లు పడతాను," అంది.

అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. నేనిక్కడే ఉన్నానని మేస్త్రీ చెప్పేలోపే, దుప్పటి సర్దబోయిన భార్య చేయి అతని భుజానికి తగిలి బిగుసుకుపోయింది.

తర్వాత గుమ్మంలో ఉన్న మనిషితో మెల్లగా అంది.

"ఏవండీ, లైటు వెయ్యండి. పక్కలో ఎవరో ఉన్నారు."