పిలుస్తాం, కూర్చోండి

"కాళ్ళు పైకి!"

కౌంటరమ్మాయి కేక వెయ్యగానే ఆ రక్తనిధిలో అందరూ కుర్చీల్లోంచే కాళ్ళెత్తారు. మేనేజరు ఎత్తాడు, ల్యాబు నర్సు ఎత్తింది.

కంప్యూటరు తీగ బల్లల కిందినుంచి, గోడవారన ఉన్న బెంచీ కిందినుంచి పోతుంది. ప్లగ్గు వదులు. కాలు తగిలిందో, అంతే సంగతులు! అందుకని తెర మీద 'భద్రపరుస్తున్నాను' అన్న మాట ఉన్నంతసేపూ ఎవరి కాళ్ళూ నేల మీద ఉండకూడదు. అది అక్కడి రివాజు.

బెంచీ మీది యాభయ్యేళ్ళ మనిషి కూడా ఎవరూ చెప్పకుండానే కాళ్ళెత్తాడు. ఆ సంగతి ఒక్కరైనా గమనిస్తే ఒట్టు.

ఎత్తినా లాభం లేకపోయింది. తెర నల్లబడింది.

"సార్, మళ్ళీ పడుకుంది!"

"లేపమ్మా, లేపు," అన్నాడు మేనేజరు నీరసంగా.

పాపం, ఆయన తప్పేం లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని తొమ్మిదేళ్ళుగా కమిటీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఖర్చెక్కువ అన్నారు. ఆ తర్వాత, పాత జాబితాలు కొత్తదాంట్లోకి ఎక్కవేమో అన్నారు. పోయినసారి మాత్రం, ఉన్న ప్రింటరు దానికి సరిపడదన్నారు. ఆ ప్రింటరు పనిచెయ్యడం మానేసి నాలుగేళ్ళయింది. బిస్కెట్లతో మొదలైన ప్రతి మీటింగూ 'వచ్చే ఏడాది చూద్దాం'తో ముగిసేది.

బెంచీ మీది మనిషి లేచి కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, ఈసారి నాకు మీ దగ్గర్నుంచి పిలుపు రాలేదు. అందుకని..."

"టోకెను నంబరు వస్తే పిలుస్తాం బాబాయ్ గారూ. కూర్చోండి."

"అది కాదమ్మా," అంటూ ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇది లేచేదాకా ఏ కాగితమూ చూడలేనండీ. పిలుస్తాం, కూర్చోండి."

ఆయన మెతక మనిషి. కూర్చున్నాడు.

పదింటికి ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. రేపు పొద్దున కోడలికి కాన్పు ఆపరేషనట.

చీటీ చూసిన నర్సు మొహం మాడిపోయింది. "లక్షమందిలో ఒకరికి ఉంటుందమ్మా ఈ రకం. మా దగ్గర నిల్వ లేదు. సాయంత్రంలోపల ఇచ్చేవాళ్ళు దొరికితేనే పరీక్షలన్నీ అయ్యి రేపటికి అందుతుంది."

"ఇచ్చేవాళ్ళెవరో మీకు తెలీదా తల్లీ?"

"జాబితా ఉంది."

"ఏదీ?"

అందరూ నల్లటి తెర వైపు చూశారు.

పెద్దావిడ బెంచీ మీద కూలబడింది. పక్కనున్న మనిషి మంచినీళ్ళ సీసా అందించాడు.

"ఏ రక్తం కావాలన్నారమ్మా?"

"నాకేం తెలుసు నాయనా, ఏవో ఇంగ్లీషు అక్షరాలు! చీటీ వాళ్ళకిచ్చేశాను." నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. "ఆ పిల్ల ఇంటికి రాకపోతే మా ఇంట్లో అందరం పస్తులే. నాకు వంట రాదు." నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఏడుపయింది. "ఇల్లంతా దాని కబుర్లే నాయనా. రెండ్రోజుల్నుంచి గోడలు చూస్తూ కూర్చున్నాం."

ఆయన ఉండబట్టలేక మళ్ళీ కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మాయ్, ఆవిడ కోడలిది ఏ గ్రూపు?"

"బయటివాళ్ళకు చెప్పకూడదండీ." చెవి దగ్గర ఫోను పెట్టుకున్న అమ్మాయి తలైనా ఎత్తలేదు. అవతల సాఫ్ట్‌వేర్ కంపెనీవాడు, దాన్ని రాసినవాళ్ళంతా ఎప్పుడో రిటైరయ్యారని చల్లగా చెబుతున్నాడు. "దయచేసి కూర్చోండి బాబాయ్ గారూ, ఇక్కడ మా ప్రాణం పోతోంది!"

మధ్యాహ్నం మూడింటికి కంప్యూటరు ఒళ్ళు విరుచుకుని లేచింది.

"కాళ్ళు పైకి!"

"అమ్మా, మీరు కూడా ఎత్తండి," అన్నాడు బెంచీ మీది మనిషి. పెద్దావిడ ఎందుకో ఏమిటో అడక్కుండా రెండు కాళ్ళూ ఎత్తి, గాలిలోనే దణ్ణం పెట్టుకుంది.

జాబితా తెరుచుకుంది! మేనేజరు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. అయితే పేర్లు కనిపించాల్సిన చోట గళ్ళూ చుక్కలూ ఉన్నాయి. ఏడు ఫోను నంబర్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

"చాలు! కొట్టమ్మా."

మొదటి రెండూ వాడుకలో లేవు. మూడో ఆయనకు జ్వరం. నాలుగో ఆయన ఊళ్ళో లేడు.

ఐదో నంబరు ఎత్తిన గొంతు, "ఏ సైజు కావాలి మేడమ్?" అంది. అదిప్పుడు చెప్పుల కొట్టు నంబరట. ఏడవాలో నవ్వాలో ఎవరికీ తెలియలేదు.

ఆరో నంబరు ఆయనకు డెబ్బై దాటాయి. "నా రక్తం పనికొస్తుందేమో అడుగమ్మా," అని ఆయనే బతిమాలాడు. నర్సు కళ్ళు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది.

ఇక మిగిలింది ఒక్కటే. అమ్మాయి ఒక్కొక్క అంకే పైకి చదువుకుంటూ నొక్కింది. పెద్దావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్దావిడ చెవి పక్కన ఫోను మోగింది.

ఆవిడ ఉలిక్కిపడి పక్కకు తిరిగి కసిరింది. "మీదే నాయనా! ఎత్తండి, ఎవరో పాపం ఎంత అవసరమై చేస్తున్నారో!"

ఆయన ఎత్తాడు.

"హలో, రక్తనిధి నుంచండీ," అంది కౌంటరమ్మాయి తెర వైపే చూస్తూ. "ఒక తల్లికి మీ రక్తం కావాలి. మీరెంత దూరంలో ఉన్నారు? వెంటనే రాగలరా?"

"పొద్దున్నుంచీ మీ ఎదురుగానే ఉన్నానమ్మా," అంటూ ఆయన ఫోను భుజానికి ఆనించుకుని చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు.